గాజు తొట్టెలో చేపల రోగాలు: నీరు, పరాన్నజీవి, మందు

వాగులోనో చెరువులోనో పెరిగే చేపకు పరాన్నజీవులు, అంటే మరో ప్రాణి ఒంటిని ఆశ్రయించి దాని రక్తమాంసాలతో బతికే జీవులు, కొత్త కాదు. వలలో పడిన చేప మొప్పలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒకటో రెండో పురుగులు కనిపించడం మామూలే గాని, అంతమాత్రాన ఆ చేపను రోగిష్ఠిది అనడానికి వీలులేదు. పరాన్నజీవి పిల్లలు పుట్టిన చోటు నుంచి నీటివాలున కొట్టుకుపోయి, వాటిలో చాలా భాగం మరో చేపను చేరకముందే చచ్చిపోతాయి కనుక అక్కడ వాటి సంఖ్య హద్దు మీరడం అరుదు. రెండడుగుల గాజు తొట్టెలో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఏ చేపా మరో చేపకు అంత దూరంలో ఉండదు, పుట్టిన పురుగుకు ఆశ్రయం వెతుక్కోనక్కర లేకుండా దొరుకుతుంది, చేప విసర్జించినదంతా మళ్లీ అదే చేప పీల్చే నీటిలో మిగులుతుంది. ఇంటి అక్వేరియంలో వచ్చే రోగాల విచారణ ఇక్కడి నుంచే మొదలుకావలసి ఉండగా, ఆచరణలో అది దుకాణంలో దొరికే నీలం, పచ్చ, పసుపు రంగుల మందు సీసాల దగ్గర మొదలై అక్కడే ముగుస్తున్నది. ఏ పరాన్నజీవి తన జీవితంలో ఏ దశలో మందుకు దొరుకుతుందో, ఆ దశ వచ్చేదాకా చేపను నిలబెట్టగల నీరు తొట్టెలో ఉందో లేదో తెలుసుకోకుండా పోసిన మందు చాలాసార్లు పురుగును వదిలి చేపను దెబ్బతీస్తుంది.

చేపల రోగశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన స్టానిస్లాస్ స్నీష్కో 1974లో ప్రచురించిన వ్యాసంలో రోగాన్ని ఒకదానిమీద ఒకటి కొంత కమ్ముకున్న మూడు వలయాలుగా వివరించాడు. ఒక వలయం చేప, రెండోది రోగకారక జీవి, మూడోది పరిసరం, అంటే నీరు. ఈ మూడూ కలిసిన చోటనే రోగం పుడుతుందని, మొదటి రెండూ ఉన్నా మూడోది అనుకూలించకపోతే చేప నిలదొక్కుకుంటుందని ఆయన వాదన. అర్ధశతాబ్దం గడిచినా ఈ చిత్రం చెక్కుచెదరలేదు. ఇంటి తొట్టె విషయంలో మూడో వలయానిదే పెద్ద పాలు అని చెప్పడం కూడా అతిశయోక్తి కాదు, ఎందుకంటే చేప పుట్టుకను, దుకాణం నుంచి దానితోపాటు వచ్చే క్రిములను యజమాని శాసించలేడు గాని నీటిని శాసించగలడు.

ఆ నీటిలో మొదట చూడవలసినది అమ్మోనియా. చేప మొప్పల ద్వారా విసర్జించేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్లినప్పుడు పుట్టేదీ ఇదే. ఫిల్టర్ స్పాంజిలోనూ గులకరాళ్ల మీదా స్థిరపడే కొన్ని రకాల బాక్టీరియా దీనిని నైట్రైట్‌గాను, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంత హాని లేని నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ రెండో పని మంచినీటి అక్వేరియంలలో ప్రధానంగా చేసేవి నైట్రోస్పైరా జాతి బాక్టీరియా అని 1998లో తేలింది. కొత్త తొట్టెలో ఈ రెండు సమూహాలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే డజను చేపలను వదిలిన ఇంట్లో రెండో వారానికల్లా తెల్లమచ్చలో, తోక చివికిపోవడమో కనిపించడానికి అసలు కారణం ఈ గడువు పూర్తికాకపోవడమే తప్ప దుకాణదారు మోసం అయివుండనక్కర లేదు. అమ్మోనియా విషతీవ్రత నీటి క్షారగుణాన్ని బట్టి పెరుగుతుందన్న సంగతిని తెలుగు నేలమీద ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో అర శాతం పైచిలుకు మాత్రమే విషరూపంలో ఉంటే, పీహెచ్ 8 ఉన్న నీటిలో అది ఐదు శాతం దాటుతుంది. అందువల్ల క్షారగుణం ఎక్కువగా ఉండే బోరు నీళ్లు వాడే ఇళ్లలో, పరీక్షలో అదే అంకె వచ్చినా, దాని దెబ్బ దాదాపు పదింతలు.

చెడిన నీరు రోగానికి ఎలా దారితీస్తుందో అర్థం కావాలంటే చేప ఒంటి నిర్మాణాన్ని కొంచెం పట్టించుకోవాలి. మంచినీటి చేప రక్తంలో ఉండే లవణాల సాంద్రత చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ కాబట్టి నీరు ఎడతెగకుండా మొప్పల గుండా, చర్మం గుండా లోపలికి చొరబడుతూ ఉంటుంది, లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. చేప మూత్రపిండాలు ఆ నీటిని రేయింబవళ్లు తోడిపోస్తూ, మొప్పల్లోని కణాలు పోయిన లవణాలను తిరిగి లాక్కుంటూ ఈ తూకాన్ని నిలబెడతాయి. పొలుసుల మీద చేతికి తగిలే జిగురు పొర ఈ కోటకు వెలుపలి గోడ. అమ్మోనియా సోకినప్పుడు మొప్పలు వాచి, జిగురు పొర పలచబడి, గోడకు బీటలు పడతాయి, పరాన్నజీవులు చేసే చిన్న చిన్న గాయాలు ఆ బీటలను పెంచుతాయి. ఉప్పు ఎందుకు పనిచేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. లీటరుకు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు నీటిలో ఉంటే లోపలి, బయటి సాంద్రతల తేడా తగ్గి చేపకు ఆ శ్రమ తగ్గుతుంది, ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది, కొన్ని ఏకకణ పరాన్నజీవులు ఆ ఉప్పదనాన్ని భరించలేవు. చవకైనదీ, ప్రతి ఇంట్లో ఉండేదీ అయిన ఈ వస్తువుకు దక్కవలసిన గౌరవం దక్కలేదనే చెప్పాలి. అయితే తొట్టెలో ఏడాది పొడుగునా ఉప్పు ఉంచే అలవాటుకు సమర్థన లేదు. పొలుసులు లేని క్యాట్‌ఫిష్ జాతులూ, నీటి మొక్కలూ దానిని అంతగా ఓర్చుకోలేవు.

ఇంటి తొట్టెల్లో అన్నిటికంటే తరచుగా కనిపించేది తెల్లమచ్చల రోగం. దీనికి కారణమైన ఏకకణజీవికి 1876లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇచ్చిన ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్ అన్న పేరును విడదీసి చూస్తే చేపపేను, బహుసంతానం అన్న అర్థాలు వస్తాయి. ఆ పేరులోని రెండో మాటలోనే రోగం గుట్టంతా ఉంది. చేప చర్మంపై ఉప్పు రవ్వలా కనిపించే ప్రతి మచ్చా పైపొర కింద దూరి కణజాలాన్ని తింటూ ఒక మిల్లీమీటరు దాకా ఎదిగిన ఒక్కొక్క జీవి. ఆ మచ్చను మెల్లగా గీకి గాజుపలక మీద ఒక నీటిచుక్కలో పెట్టి సాధారణ సూక్ష్మదర్శినిలో చూస్తే, అంచు పొడుగునా సన్నటి నూగులాంటి కేశాలను ఆడిస్తూ తిరగలిలా నిదానంగా తిరిగే గుండ్రటి శరీరమూ, దాని మధ్య లాడం ఆకారంలో వంగిన కేంద్రకమూ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ లాడాన్ని ఒకసారి చూసినవారు ఈ రోగాన్ని మరొక దానితో పొరపడరు. ఎదిగిన జీవి చేపను వదిలి అడుగుకు జారి, రాయినో ఆకునో అంటుకుని, చుట్టూ జిగురు సంచి కట్టుకుని, లోలోపల రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ కొన్ని వందల పిల్లలుగా మారుతుంది. సంచి పగిలాక బయటికి ఈదుకొచ్చే ఆ పిల్లలు వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా సుమారు వారంలో పూర్తవుతుంది, పది డిగ్రీల చలినీటిలో నెల దాటినా పూర్తికాదు.

మందుల చర్చకు కీలకం ఇక్కడ ఉంది. చర్మం కింద దాగిన దశనుగాని సంచిలో ఉన్న దశనుగాని నీటిలో కలిపిన మందు చేరలేదు, స్వేచ్ఛగా ఈదే పిల్ల దశ ఒక్కటే దానికి దొరుకుతుంది. కాబట్టి మలకైట్ గ్రీన్ పోసిన మరుసటి రోజు మచ్చలు తగ్గలేదని మోతాదు రెట్టింపు చేయడం ఎంత పొరపాటో, నాలుగో రోజున మచ్చలు మాయమయ్యాయని మందు ఆపేయడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ మాయమైనవి చచ్చినవి కావు, పిల్లలు పెట్టడానికి అడుగుకు దిగినవి. చివరి మచ్చ పోయాక కూడా కనీసం మరో వారం చికిత్స సాగించాలని చెప్పడంలో ఉద్దేశం ఇదే. మలకైట్ గ్రీన్‌ను ఫార్మాలిన్‌తో కలిపి ఇస్తే విడివిడిగా ఇచ్చినదానికంటే మెరుగ్గా పనిచేస్తుందని 1972లో లెటో, మేయర్ అనే పరిశోధకులు చూపించిన తరువాత ఆ మిశ్రమం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. నీటిని 30 డిగ్రీలకు పెంచి పది పన్నెండు రోజులు ఉంచే పద్ధతి మరొకటి. ఆ వేడిలో ఈ జీవి సంతానవృద్ధి చాలావరకు ఆగిపోతుంది గాని, వేడిని తట్టుకునే రకాలు కూడా ఉన్నట్టు తేలింది కనుక దానికి ఉప్పును జోడించడం మేలు. ఈ రోగక్రిమి ప్రతి తొట్టెలో ఎప్పుడూ నిద్రాణంగా పడి ఉంటుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. చేప లేకుండా అది వారాల తరబడి వెచ్చని నీటిలో బతకలేదు. ఒకసారి రోగం తట్టుకున్న చేపకు గణనీయమైన రోగనిరోధకశక్తి వస్తుందని కూడా రుజువైంది, ఆ చేప మొప్పల్లో ఒకటి రెండు జీవులు మచ్చలు కనిపించకుండా మిగిలిపోవడం వల్లనే ఈ అపోహ పుట్టి ఉండాలి.

తెల్లమచ్చలకు దగ్గరి పోలిక ఉన్న వెల్వెట్ రోగంలో మచ్చలు ఇంకా సన్నంగా, పసుపు కలిసిన దుమ్ములా ఉంటాయి. గదిలో దీపాలార్పి టార్చిలైటు వెలుగు ఏటవాలుగా వేస్తే చేప ఒంటిపై బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. దీని కారకజీవికి మొక్కల్లాగే పత్రహరితం ఉంటుంది కనుక రాగి లవణాలతోపాటు తొట్టెను కొద్ది రోజులు చీకటిలో ఉంచడం కూడా చికిత్సలో భాగమైంది. రాగి నత్తలనూ రొయ్యలనూ చంపేస్తుందనీ, లవణాలు తక్కువగా ఉన్న మెత్తటి నీటిలో చేపలకు కూడా ప్రమాదమనీ మరువరాదు.

చేప నోటి చుట్టూ, వీపు మీద దూదిలాంటి తెల్లపొర కనిపించగానే బూజు అనడం పరిపాటి. నిజమైన బూజు, అంటే సాప్రోలెగ్నియా అనే నీటిబూజు, ఎక్కువగా గాయం మీదా, చచ్చిన కణజాలం మీదా, ఫలించని గుడ్ల మీదా పొడవాటి పోగులుగా పెరుగుతుంది. నోటి దగ్గర పొట్టిగా, బూడిదరంగుగా, వీపున జీను వేసినట్టు వ్యాపించే పొర చాలాసార్లు కాలమ్నారిస్ అనే బాక్టీరియా రోగం. 1922లో హెచ్. ఎస్. డేవిస్ వర్ణించిన ఈ బాక్టీరియా సూక్ష్మదర్శిని కింద గడ్డివాముల్లా, స్తంభాల్లా పోగుపడి కనిపించడం వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. ఈ తేడా తెలియకపోతే ఎంత నష్టమో చెప్పడానికి ఒక్క విషయం చాలు. తెల్లమచ్చలకు మందు అయిన వేడి కాలమ్నారిస్‌కు ఆహారం. హీటరును 30 డిగ్రీలకు తిప్పిన తొట్టెలో ఈ రోగం ఒకటి రెండు రోజుల్లో చేపలన్నిటినీ ఊడ్చేయగలదు. ఒంటిపై తెలుపు కనబడితే వేడి పెంచమన్న ఏకవాక్య సలహా అందుకే ప్రమాదకరమైనది. రవ్వలు రవ్వలుగా ఉందా, పొరగా ఉందా అన్నది ముందు తేల్చుకున్న తరువాతే హీటరు మీద చేయి వేయాలి.

కంటికి కనిపించని పురుగుల్లో మొప్పలను, చర్మాన్ని పట్టుకునే ఫ్లూక్‌లు ముఖ్యమైనవి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం, ఒక మొప్పతోనే ఊపిరి పీల్చడం వీటి తొలి గుర్తులు. చర్మాన్ని ఆశ్రయించే గైరోడాక్టిలస్ గుడ్లు పెట్టదు, పిల్లను కంటుంది. తల్లి కడుపులో ఉన్న పిల్ల కడుపులో అప్పటికే మరో పిల్ల రూపుదిద్దుకుని ఉంటుంది కనుక ఒక్క పురుగు చాలు తొట్టెంతా నిండడానికి. మొప్పలను ఆశ్రయించే డాక్టిలోగైరస్ గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లను ప్రాజిక్వాంటెల్ వంటి మందు ఏమీ చేయలేదు. అందువల్ల మొదటిదానికి ఒక మోతాదు సరిపోయినా, రెండోదానికి గుడ్లు పొదిగే వ్యవధిని లెక్కకట్టి మళ్లీ వేయక తప్పదు.

కంటికి కనిపించేవాటిలో లంగరు పురుగు, చేపపేను రెండూ పురుగులూ కావు, పేలూ కావు, రొయ్యకు దూరపు చుట్టాలు. కొల్లేరు పరిసరాల చెరువుల్లో కట్ల, రోహు పెంచే రైతులను సతాయించే ఆర్గ్యులస్ పేనే గోల్డ్‌ఫిష్, కోయి చేపలతోపాటు ఇంటి తొట్టెలోకి కూడా వస్తుంది. పళ్లెంలా చదునుగా, పారదర్శకంగా ఉండి, రెండు గుండ్రటి కప్పులతో అతుక్కుని రక్తం పీల్చే ఈ జీవి గుడ్లను చేపమీద కాక గాజు గోడకూ రాళ్లకూ వరుసలుగా అంటిస్తుంది గనుక చేపను శుభ్రం చేసినంత మాత్రాన పని పూర్తికాదు. లంగరు పురుగు విషయంలో పట్టకారుతో లాగడమే పాత పద్ధతి. తడిగుడ్డలో చేపను పట్టుకుని, పురుగు చర్మంలోకి దిగిన చోట, కొసను కాక మొదలును పట్టి, పొలుసులు వాలిన దిక్కుకే మెల్లగా లాగాలి. తల తెగి లోపల మిగిలితే ఆ గుంటలో చీము పడుతుంది. నీటిలో ఉన్న దాని పిల్లలను చంపడానికి వాడే డైఫ్లూబెంజురాన్ అవి పెంకు విడిచి కొత్త పెంకు కట్టుకునే పనిని అడ్డుకుంటుంది, అదే కారణంగా తొట్టెలోని రొయ్యలను కూడా చంపుతుంది.

గప్పీ, మోలీ చేపల మలద్వారం నుంచి ఎర్రటి దారపు పోగుల్లా వేలాడే కమలానస్ పురుగు ప్రకృతిలో సైక్లాప్స్ అనే నీటిపురుగు ద్వారా వ్యాపిస్తుంది. ఒకప్పుడు తెలుగు పల్లెల్లో దిగుడుబావుల నీరు తాగినవారికి నారికురుపును అంటించినది కూడా ఈ సైక్లాప్సే. 2000లో భారతదేశం ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయితే కమలానస్ సైక్లాప్స్ లేకుండా కూడా చేప నుంచి చేపకు నేరుగా సోకగలదు, అందుకే అది ఇంటి తొట్టెలో ఇంత మొండిగా నిలుస్తుంది. లెవమిసోల్ ఆ పురుగును చంపడం కంటే ముందు పక్షవాతానికి గురిచేసి పట్టు వదిలేట్టు చేస్తుంది కాబట్టి, మందు వేసిన మరునాడు అడుగున పేరుకున్నదంతా గొట్టంతో లాగేయడం మందంత ముఖ్యం. డిస్కస్, ఆస్కర్ చేపల తలమీద గుంటలు పడే రోగం సంగతి ఇంత స్పష్టంగా లేదు. పేగుల్లో ఉండే స్పైరోన్యూక్లియస్ అనే ఏకకణజీవే కారణమని కొందరు, విటమిన్ల, ఖనిజాల లోపమని కొందరు, నాసిరకం నీరని మరికొందరు వాదిస్తున్నారు. మెట్రోనిడజోల్ ఇచ్చినప్పుడు కొన్ని చేపలు కోలుకోవడం మొదటి వాదనకు బలం, నీరు మార్చి మేత మార్చినంతనే మరికొన్ని కోలుకోవడం తక్కిన రెండింటికి బలం.

పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బే స్థితిని ఒక రోగంగా లెక్కించడం సరికాదు. అది మూత్రపిండాలు చేతులెత్తేసినప్పుడు, అంతవరకు తోడిపోసిన నీరు ఒంట్లోనే నిలిచిపోవడం వల్ల కనిపించే చివరి లక్షణం; ఏరోమోనాస్ బాక్టీరియా దానికి సాధారణ కారణం గాని ఏకైక కారణం కాదు. ఆ దశలో కోలుకున్న చేపలు తక్కువ. నియాన్ టెట్రా చేపల కండరాల్లో చేరి రంగు గీతను తెల్లగా పాలిపోయేట్టు చేసే సూక్ష్మపరాన్నజీవికి అసలు మందే లేదు. ఇటువంటి చేపను వారాల తరబడి యాతన పెట్టకుండా విడి గిన్నెలో లవంగనూనె కలిపిన నీటిలో మొదట మత్తులోకి, ఆపైన నొప్పి తెలియని మరణంలోకి పంపడం పశువైద్యులు కూడా అంగీకరించే పద్ధతి. దానిని ఊరి చెరువులో వదలడం కరుణ కాదు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప తెలుగు రాష్ట్రాల చెరువుల్లో వలలు చించుతూ రైతులను ఎంత ఏడిపిస్తున్నదో తెలిసిందే, రోగిష్ఠి చేప అయితే దానితోపాటు రోగం కూడా చెరువుకు చేరుతుంది.

మనిషికి సోకే రోగం ఒకటి ఈ జాబితాలో ఉంది. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల నుంచి ఏరన్సన్ వేరుచేసిన మైకోబాక్టీరియం మారినం అనే బాక్టీరియా క్షయ కారకానికి దగ్గరి బంధువు. చిక్కిపోయి, వెన్ను వంగి, పుండ్లు పడి చేపలు ఒక్కొక్కటిగా నెలల తరబడి చస్తున్న తొట్టెలో దీనిని అనుమానించాలి. ఇది 30 డిగ్రీల ప్రాంతంలో బాగా పెరుగుతుంది కనుక మనిషి ఒంట్లో చల్లగా ఉండే చేతివేళ్ల మీద, మోచేయి దిగువన, మానని కురుపుగా తేలుతుంది. నయం కావడానికి నెలల తరబడి మందులు వాడవలసి వస్తుంది. చేతిమీద గీరుకున్న గాటు ఉన్నప్పుడు తొడుగు లేకుండా తొట్టెలో చేయి పెట్టకూడదు, నీరు తీయడానికి గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటు మానుకోవాలి, అలాంటి కురుపు లేస్తే ఇంట్లో చేపల తొట్టె ఉన్న సంగతి వైద్యుడికి చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల రోగనిర్ధారణ నెలల పాటు ఆలస్యమవుతుంది.

మోతాదు లెక్క గురించి రెండు మాటలు అవసరం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో 56 లీటర్లు పడతాయని గుణకారం చెబుతుంది గాని, పైన అంగుళం ఖాళీ, అడుగున రెండంగుళాల గులకరాళ్లు పోగా మిగిలే నీరు 45 లీటర్ల దరి. 56కు లెక్కించి మలకైట్ గ్రీన్ పోస్తే మోతాదు పావు వంతు పెరిగినట్టే. ఫార్మాలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది కనుక గాలి పంపు లేకుండా వాడరాదు, నిల్వలో తెల్లటి మడ్డి కట్టినదాన్ని అసలే వాడరాదు. మిథిలీన్ బ్లూ ఫిల్టర్‌లోని ఉపకారక బాక్టీరియాను కూడా అణచివేస్తుంది. మనుషుల కోసం అమ్మే యాంటిబయాటిక్ క్యాప్సూళ్లను విప్పి ప్రధాన తొట్టెలో కలపడం అన్నిటికంటే అభ్యంతరకరం. అది ఫిల్టర్‌ను పాడుచేయడంతో ఆగకుండా, మందులకు లొంగని బాక్టీరియాను తయారుచేసి ఇంటి మురుగు కాల్వలోకి పంపుతుంది. ముత్తుకూరులోనూ పెబ్బేరులోనూ మత్స్యశాస్త్ర కళాశాలలున్నా, మన దగ్గర చేపల రోగనిర్ధారణ సదుపాయాలు ప్రధానంగా రొయ్యల, కార్పు చేపల సాగు చుట్టూ పెరిగినవే. ఇంటి తొట్టెలోని చేపకు పరీక్ష చేసి చెప్పే చోటు దొరకనంతకాలం జనం సీసాల మీదనే ఆధారపడతారు. ఈ లోటు తీరడం అవసరం.

వాతావరణం ఈ రోగాలకు ఒక పంచాంగం ఇస్తుంది. హైదరాబాదు వంటి చోట్ల డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటరు లేని చిన్న తొట్టె నీరు త్వరగా చల్లబడి మధ్యాహ్నానికి మళ్లీ వేడెక్కుతుంది, తెల్లమచ్చలు విజృంభించేది అప్పుడే. ఎండాకాలంలో అపాయం మరో వైపు నుంచి వస్తుంది: 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే కరుగుతుంది, ఆ సమయంలో కరెంటు పోయి పంపు ఆగితే కాలమ్నారిస్ వంటి బాక్టీరియాకు దారి తెరిచినట్టే.

రోగం తొట్టెలోకి వచ్చే ప్రధానమైన దారులు కొత్త చేప, కొత్త మొక్క, పచ్చి మేత. మురుగులో పట్టి తెచ్చే ట్యూబిఫెక్స్ పురుగులకు బదులు ఉడికించిన గుడ్డు పచ్చసొన, గడ్డకట్టించిన మేత పెడితే మూడో దారి చాలావరకు మూసుకుంటుంది. మొక్కలను లేత గులాబీరంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో కాసేపు ముంచి తీయవచ్చు. కొత్త చేపను మాత్రం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచడం తప్ప మార్గాంతరం లేదు. ఆ గడువు తెల్లమచ్చల చక్రం రెండు మూడుసార్లు తిరగడానికీ, ఫ్లూక్ గుడ్లు పొదగడానికీ, లంగరు పురుగు పిల్లలు పెద్దవై చర్మంలోంచి బయటికి కనిపించడానికీ సరిపోతుంది. ఇందుకు పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. దానిలో వాడే స్పాంజి ఫిల్టర్‌ను చేప రావడానికి నెల ముందే ప్రధాన తొట్టెలో ఒక మూలన నడుస్తూ ఉంచితే అమ్మోనియాను తినే బాక్టీరియా అందులో సిద్ధంగా ఉంటుంది. ఆ టబ్బుకు వలా, బకెట్టూ, గొట్టమూ విడిగా ఉండాలి, రోజూ మేత వేసే వరుసలో అది చివరన రావాలి, దానిలో ముంచిన చేయి సబ్బుతో కడగకుండా పెద్ద తొట్టె నీటిని తాకకూడదు.